ప్రభుత్వ నియామకాలను ప్రైవేటు సంస్థలకు అప్పగిస్తే ఎందుకు బెడిసికొడుతోంది?

విభాగం: ఉద్యోగాలు, పోటీ పరీక్షలు

1. కృష్ణాతీరం (విజయవాడ)

2025 జులై ఆఖరులో ఎస్‌ఎస్‌సీ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు పరీక్షలు పెట్టే స్టాఫ్ సెలక్షన్ కమిషన్) నిర్వహించిన సెలక్షన్ పోస్టుల 13వ విడత పరీక్ష చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి పరీక్షలు నడిపిన సంస్థ స్థానంలోకి టెండరు ద్వారా కొత్త సంస్థ వచ్చింది. ఆ పరీక్షలో కంప్యూటర్లు మధ్యలో ఆగిపోయాయి, మౌసులు కదలలేదు, వేలిముద్రలు సరిపోలలేదు. కొందరికి వందల కిలోమీటర్ల దూరంలో కేంద్రాలు పడ్డాయి. అంత దూరం వెళ్లాక గేటు దగ్గర ‘రద్దయింది’ అన్న కాగితం చూసి వెనక్కి వచ్చినవాళ్లూ ఉన్నారు. జులై 31న అభ్యర్థులు, అధ్యాపకులు దిల్లీలో రోడ్డెక్కారు. చివరికి దాదాపు 60 వేల మందికి ఆగస్టు 29న మళ్లీ పరీక్ష పెట్టారు. డిగ్రీ చదివినవాళ్ల కోసం ఎస్‌ఎస్‌సీ పెట్టే సీజీఎల్ పరీక్ష ఆగస్టులో జరగాల్సింది, సెప్టెంబరుకు పోయింది. దానికి దరఖాస్తు చేసుకున్నవాళ్లు సుమారు 28 లక్షల మంది.

అంతకు ముందు ఏడాది ఉత్తర్‌ప్రదేశ్‌లో ఇంకా ఘోరం. 60,244 కానిస్టేబుల్ పోస్టులకు 48 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. 2024 ఫిబ్రవరి 17, 18 తేదీల్లో పరీక్ష జరిగితే, ప్రశ్నపత్రం లీకైందని వారం తిరక్కుండానే రద్దు చేశారు. నిర్వహణ సంస్థను తర్వాత నిషేధిత జాబితాలో పెట్టారు.

ఒక్కో సంస్థ పేరు పట్టుకుని తిట్టడం వల్ల ఉపయోగం లేదని నా అభిప్రాయం. సంస్థలు మారుతున్నాయి, ఫలితం మారడం లేదు. లోపం అప్పగించే పద్ధతిలోనే ఉందా? లోపలి నుంచి చూసినవాళ్లు చెప్పండి.

2. ఓరుగల్లు_అభ్యర్థి

చేతకాని సంస్థకు తక్కువ ధరకు ఇచ్చారు. మంచి సంస్థకు ఇస్తే ఈ గొడవే లేదు. ఇందులో లోతైన కారణాలు వెతకాల్సిన పని లేదనుకుంటాను.

3. పాత_సూపరింటెండెంట్ (కర్నూలు)

తమ్ముడూ, నేను ఒక శాఖలో కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. నియామక పరీక్షల టెండర్లు నా బల్ల మీదుగా వెళ్లాయి. ‘మంచి సంస్థ’ను ఎంచుకోవడం అనుకున్నంత తేలిక కాదు.

టెండరులో రెండు కవర్లు ఉంటాయి. సాంకేతిక కవరులో గత మూడేళ్ల టర్నోవరు, ఒకే షిఫ్టులో ఎంతమందికి పరీక్ష పెట్టారు, ఎన్ని నగరాల్లో కేంద్రాలు ఉన్నాయి అనేవి చూస్తాం. ఆ గీత దాటినవాళ్లందరూ సమానమే. రెండో కవరులో ఒక్కటే అంకె ఉంటుంది, అభ్యర్థికి ఇంత అని. ప్రశ్నల బ్యాంకు, సర్వర్లు, సీసీ కెమెరాలు, జామర్లు, ఇన్విజిలేటర్ల భత్యం, కేంద్రం అద్దె, జనరేటరు డీజిలు అన్నీ ఆ ఒక్క అంకెలోకి దూరిపోతాయి. తక్కువ రాసినవాడే ఎల్-1, పని అతనికే. నాణ్యతకూ ధరకూ కలిపి మార్కులు వేసే పద్ధతి నిబంధనల్లో లేక కాదు. కానీ ఎక్కువ ధర చెప్పినవాడికి పని ఇస్తే రేపు ఆడిట్ అభ్యంతరం రాస్తుంది, ఎల్లుండి విజిలెన్స్ కబురు పంపుతుంది. సంతకం పెట్టే అధికారి పింఛను ప్రమాదంలో పడుతుంది. తక్కువ ధరవాడికి ఇచ్చి పరీక్ష పాడైతే మాత్రం ఫైలు నిబంధనల ప్రకారమే ఉంటుంది కనుక ఆయనను ఎవరూ ఏమీ అనరు. ఏ కుర్చీలో ఎవరు కూర్చున్నా అదే చేస్తారు.

ఇంకో సంగతి. మా శాఖ ఒప్పందంలో జరిమానాల మొత్తం బిల్లులో పది శాతం దాటకూడదని ఉండేది. వంద కేంద్రాల్లో పరీక్ష చెడిపోయినా సంస్థకు పోయేది అంతే. అభ్యర్థికి పోయేది ఒక ఏడాది. ఆ ఏడాదికి ఒప్పందంలో పద్దు లేదు.

4. ల్యాబ్_ఇన్‌ఛార్జి (గుంటూరు జిల్లా)

పెద్దాయన చెప్పిన ఆ ఒక్క అంకె కింద దాకా వచ్చేసరికి ఏమవుతుందో నేను చెబుతాను. మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులు పరీక్షలకు ఇస్తుంటారు.

పని దక్కించుకున్న సంస్థకు మా జిల్లాలో సొంత మనిషి ఉండడు. నగరానికి ఒక కోఆర్డినేటరును పెట్టుకుంటుంది. ఆయన కేంద్రాలను మరో చిన్న సంస్థ ద్వారా మాట్లాడతాడు. కెమెరాలు ఒకరివి, బయోమెట్రిక్ ఇంకొకరిది, తనిఖీ చేసే గార్డులు మరొకరి మనుషులు. పరీక్ష రోజు ఉదయం ఆరున్నరకు మా గేటు దగ్గర నాలుగు సంస్థల వాళ్లు ఉంటారు. ఒకరి మాట ఇంకొకరు వినాల్సిన అవసరం లేదు, ఎందుకంటే ఎవరి బిల్లు వాళ్లది.

ఒక పరీక్షకు వేలిముద్రలు తీసుకోవడానికి వచ్చిన అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాడు. రోజుకు ఐదు వందలు ఇస్తామన్నారట. ముందు రోజు సాయంత్రం వాట్సాప్‌లో పంపిన వీడియోనే అతనికి శిక్షణ. ఉదయం వానలో తడిసి వచ్చిన పిల్లల వేళ్లు యంత్రం గుర్తించలేదు. ఏం చేయాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చేయి తుడుచుకుని మళ్లీ పెట్టమంటున్నాడు, చొక్కా అంచుతో తనే గాజు తుడుస్తున్నాడు. బయట వరుస పెరిగిపోతోంది, గేటు మూసే సమయం దగ్గరపడుతోంది. అతను కోఆర్డినేటరుకు ఫోను చేస్తే ఆయన ఎత్తడం లేదు. చివరికి మా ప్రిన్సిపాల్ గారు కాగితం మీద సంతకాలు తీసుకుని లోపలికి పంపమన్నారు. ఆ నిర్ణయం తీసుకునే అధికారం ఆయనకు లేదు. కానీ అధికారం ఉన్న మనిషి ఆ ఆవరణలో ఒక్కరూ లేరు.

ఆ అబ్బాయికి డబ్బులు అందాయో లేదో తెలియదు. మా కాలేజీకి మాత్రం ఆ పరీక్ష అద్దె చాలా నెలల తర్వాత వచ్చింది. డబ్బులు రాని చోట యాజమాన్యం కొత్త యూపీఎస్ బ్యాటరీలు కొనదు. తర్వాతి పరీక్షలో కరెంటు పోయినప్పుడు యంత్రాలు ఆగిపోవడానికి మొదలు అక్కడే ఉంది.

5. కృష్ణాతీరం

> అధికారం ఉన్న మనిషి ఆ ఆవరణలో ఒక్కరూ లేరు

నేను వెతుకుతున్నది ఈ మాటే. ధన్యవాదాలండీ.

6. ఓరుగల్లు_అభ్యర్థి

సరే, కింది స్థాయి పరిస్థితి నాకు తెలియదు. కానీ అంతా ప్రభుత్వం చేతిలోనే ఉంటే బాగుంటుందని మాత్రం నాతో చెప్పకండి. నేను తెలంగాణ గ్రూప్-1 బాధితుణ్ని. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వచ్చింది, రాష్ట్రం వచ్చాక మొదటి గ్రూప్-1. అక్టోబరు 16న ప్రిలిమ్స్ రాశాను. 2023 మార్చిలో లీకేజీ బయటపడి రద్దు చేశారు. జూన్ 11న మళ్లీ రాశాను. బయోమెట్రిక్ తీసుకోలేదని, నిబంధనలు పాటించలేదని సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. 2024లో కొత్త ప్రకటన, 563 పోస్టులు, మళ్లీ మొదటి నుంచి.

లీకైంది ఏ ప్రైవేటు గోదాములోనో కాదు, రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ కార్యాలయంలోనే. ప్రధాన నిందితుల్లో ఒకరు అక్కడి శాశ్వత ఉద్యోగి. దీనికేమంటారు?

7. పాత_సూపరింటెండెంట్

నీ బాధ న్యాయమైనది తమ్ముడూ. అయితే ఆ కేసులో రెండో ప్రధాన నిందితుడు ఎవరో కూడా చూడు. కమిషన్‌లో నెట్‌వర్క్ చూసుకున్న అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. రహస్య విభాగం కంప్యూటరులోకి దారి ఎలా ఉందో శాశ్వత ఉద్యోగుల కంటే అతనికే బాగా తెలుసు. కమిషన్‌కు సొంతంగా ఆ పని తెలిసిన మనిషి ఉండి ఉంటే అతని మీద ఒక కన్ను ఉండేది. పేరుకు పరీక్ష ప్రభుత్వానిదే, తాళం చెవి మాత్రం కాంట్రాక్టు మీద ఉంది.

ఇల్లు కట్టించేవాడికి సిమెంటు, ఇసుక పాళ్లు తెలియకపోతే మేస్త్రీ చెప్పిందే లెక్క. శాఖల పరిస్థితి ఇప్పుడు అదే. సంస్థ ఇచ్చిన నివేదికను సరిచూడగలవాళ్లు శాఖలో లేరు. అందుకే సంస్థ ‘అంతా సవ్యంగా జరిగింది’ అంటే మేమూ అదే కింద రాసి పైకి పంపేవాళ్లం.

8. మాంచెస్టర్_పద్మజ

ఇది మన దేశానికే పరిమితం అనుకోకండి. బ్రిటన్ సైన్యం అనుభవం చూడండి, ఇక్కడ దీని మీద పార్లమెంటు కమిటీ విచారణే జరిగింది.

2012లో సైనికుల నియామకాన్ని క్యాపిటా అనే సంస్థకు అప్పగించారు. పదేళ్ల ఒప్పందం, 49.5 కోట్ల పౌండ్లు. సైన్యం 26.7 కోట్ల పౌండ్లు ఆదా అవుతుందని లెక్కవేసింది. నియామక కార్యాలయాల్లో కూర్చునే సైనికులను అసలు విధులకు పంపవచ్చు, దరఖాస్తులు ఆన్‌లైన్‌లో వస్తాయి అనుకున్నారు. పట్టణాల్లోని కార్యాలయాలను 131 నుంచి 68కి తగ్గించారు.

2018 డిసెంబరులో జాతీయ ఆడిట్ కార్యాలయం నివేదిక వచ్చింది. ఒప్పందం మొదలైన తర్వాత ఒక్క ఏడాదీ లక్ష్యం చేరలేదు. ఏటా 21 నుంచి 45 శాతం దాకా లోటు. ఆన్‌లైన్ వ్యవస్థ 52 నెలలు ఆలస్యంగా 2017 నవంబరులో మొదలైంది. దానికి అయిన ఖర్చు 11.3 కోట్ల పౌండ్లు, అనుకున్నదానికి మూడింతలు. దరఖాస్తు నుంచి శిక్షణ దాకా సగం మందికి 321 రోజుల వరకు పట్టింది. 2017-18లో 47 శాతం మంది తమంతట తామే మధ్యలో తప్పుకున్నారు.

నన్ను ఆలోచింపజేసిన విషయం వేరే ఉంది. ఆ ఒప్పందంలో పది వేల నిర్దేశాలు ఉన్నాయి. మన శాఖల్లా నాలుగు గీతలు గీసి వదిలేయలేదు, ఎంత రాయాలో అంతకంటే ఎక్కువే రాశారు. అయినా మునిగింది. ఆ పది వేలలో ఇమడని పని ఒకటి పాత కార్యాలయాల్లో జరిగేది. పద్దెనిమిదేళ్ల కుర్రాడు బెరుకుగా లోపలికి వస్తే యూనిఫారంలో ఉన్న సార్జెంటు అతనితో మాట్లాడేవాడు. వైద్య పరీక్షలో ఉబ్బసం గురించి అడుగుతారు, పాత కాగితాలు తెచ్చుకో అని చెప్పేవాడు. రెండు వారాలు కనిపించకపోతే ఫోను చేసేవాడు. ఆ పనికి ధర కట్టలేదు కాబట్టి ఎవరూ కొనలేదు. కుర్రాళ్లు తెర ముందు నెలల తరబడి ఎదురుచూసి, చివరికి దొరికిన ఏదో ఒక ఉద్యోగంలో చేరిపోయారు.

తప్పంతా సంస్థదే కూడా కాదు. సాఫ్ట్‌వేరు నడవడానికి కావలసిన సర్వర్ల ఏర్పాటు రక్షణ శాఖ చేయాలి, అది సమయానికి చేయలేదు. సంస్థ ఆ పనిలోని చిక్కులను తక్కువ అంచనా వేసింది. 2025 ఫిబ్రవరిలో త్రివిధ దళాల నియామకాల కొత్త ఒప్పందానికి సెర్కో అనే ఇంకో సంస్థను ఎంచుకున్నారు.

9. కోడ్_రాసేవాడు (హైదరాబాద్)

సంస్థల వైపు నుంచి ఒక్కరైనా మాట్లాడాలి కదా. నేను ఇలాంటి ఒక సంస్థలో పనిచేశాను, పేరు చెప్పను.

శాఖ ఇచ్చిన పత్రంలో మూడు లక్షల మంది అభ్యర్థులు అని ఉంటుంది. దరఖాస్తులు తొమ్మిది లక్షలు వస్తాయి. అదే నెలలో ముగించాలంటారు. ప్రకటనలో రిజర్వేషన్ల రోస్టరు తప్పు పడితే కోర్టు కేసు, తేదీ మార్పు. తేదీ మారిన ప్రతిసారీ మాట్లాడుకున్న కేంద్రాలకు డబ్బు మేమే కట్టుకోవాలి. విద్యార్హత ‘లేదా తత్సమానం’ అని రాసి వదిలేస్తారు. ఏది సమానమో మేము అడిగితే జవాబు రాదు. సాఫ్ట్‌వేరులో ఏదో ఒకటి పెట్టి తీరాలి కాబట్టి ఇరవై నాలుగేళ్ల కుర్రాడు తనకు తోచింది పెడతాడు. మూడు నెలల తర్వాత దాని మీద హైకోర్టులో రిట్ పడుతుంది. ఫలితాలయ్యాక మా బిల్లు ఏడాదికి గాని రాదు. ఆ ఏడాదిలో జీతాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఖర్చు తగ్గించుకోవడానికి పని కిందివాళ్లకు పంచుతారు. ల్యాబ్ ఇన్‌ఛార్జి గారు చూసిన అబ్బాయి అలాగే అక్కడికి చేరాడు.

విద్యార్హత ఏదో నిర్ణయించడం కోడ్ రాసేవాడి పని కాదు. అది ప్రభుత్వం మాత్రమే చేయాల్సిన నిర్ణయం. మేము అడిగి తీసుకున్నది కాదు, ఎవరూ చేయకపోతే మా మీద పడింది.

10. పార్వతీపురం_టీచర్

అందరి మాటలూ విన్నాక ఒక సందేహం. పాస్‌పోర్టు సేవా కేంద్రాలు కూడా ప్రైవేటు సంస్థ భాగస్వామ్యంతోనే కదా నడుస్తున్నాయి? మా ఊరివాళ్లు విశాఖ వెళ్లి పూటలో పని ముగించుకుని వస్తున్నారు. అక్కడ ఎందుకు కుదిరింది?

11. పాత_సూపరింటెండెంట్

టీచరమ్మా, మంచి ప్రశ్న. 2008లో టీసీఎస్‌కు అప్పగించిన పని అది. లోపల మీరు చూసే ఉంటారు, ఎ, బి, సి అని మూడు రకాల కౌంటర్లు. ఎ దగ్గర ఫొటో, వేలిముద్రలు, కాగితాల స్కానింగ్ సంస్థ ఉద్యోగులు చేస్తారు. బి దగ్గర కాగితాలు సరిచూసేది, సి దగ్గర మంజూరు చేసేది ప్రభుత్వ అధికారులు. పోలీసు విచారణ పోలీసులదే. నిర్ణయం ప్రభుత్వ అధికారి చేతిలో ఉంది, అతను అదే హాల్లో కూర్చుని ఉన్నాడు. సంస్థకు దరఖాస్తుకు ఇంత అని చెల్లింపు, సేవ నాణ్యత కొలిచి మరీ ఇస్తారు. పైగా ఏళ్ల తరబడి అదే పని, అదే భవనం. తప్పు జరిగితే మర్నాడు దిద్దుకోవచ్చు. నియామక పరీక్షకు ఆ వెసులుబాటు ఉండదు, ఒక్క పూటలో అంతా తేలిపోవాలి. కాబట్టి అక్కడి కంటే ఇక్కడ ప్రభుత్వ మనిషి ఉండటం ఇంకా అవసరం.

యూపీఎస్‌సీ సివిల్స్ ప్రిలిమ్స్ చూడండి. ఏటా పది లక్షల మంది వరకు దరఖాస్తు చేస్తారు, ఇప్పటికీ కాగితం మీదే. జిల్లా యంత్రాంగం కేంద్రం బాధ్యత తీసుకుంటుంది. గేటు దగ్గర సమస్య వస్తే నిర్ణయం చెప్పే అధికారి ఉంటాడు.

12. సీమ_రాయుడు (అనంతపురం)

మూల్యాంకనం సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏపీపీఎస్సీ 2018 గ్రూప్-1 మెయిన్స్ రాసినవాళ్ల గతి తలచుకుంటే నాకు కోపం ఆగదు. ప్రకటన 2018 డిసెంబరు ఆఖరున, మెయిన్స్ 2020 డిసెంబరులో. జవాబుపత్రాలను డిజిటల్ పద్ధతిలో దిద్దించారు. ముందుగా చెప్పకుండా అలా చేయడం చెల్లదని 2021 అక్టోబరులో హైకోర్టు అంది, మామూలు పద్ధతిలో దిద్దమంది. రెండోసారి దిద్దాక జాబితా మారింది. మొదటి జాబితాలో ఉన్నవాళ్లలో చాలామంది రెండోదాంట్లో లేరు. 2024 మార్చిలో ఏకసభ్య ధర్మాసనం మెయిన్స్‌ను రద్దు చేసింది, దానిపై డివిజన్ బెంచ్ స్టే ఇచ్చింది. దిద్దే పనిని ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించి అర్హత లేనివారితో మార్కులు వేయించారన్న ఆరోపణ మీద 2025లో పోలీసు కేసు, అరెస్టులు. నిజం కోర్టు తేల్చాలి.

కంప్యూటరు ఆగిపోతే అభ్యర్థికి కనిపిస్తుంది, గొడవ చేస్తాడు. దిద్దిన చోట ఏం జరిగిందో అతనికి కనిపించనే కనిపించదు. ఒక వ్యాసానికి ఎన్ని మార్కులో నిర్ణయించే పని కాంట్రాక్టుకు ఇవ్వదగినది కాదు. ఈ ఒక్క విషయంలో రాజీ ఉండకూడదు.

13. నిర్వాహకులు

కోర్టుల్లో ఉన్న కేసుల గురించి రాసేటప్పుడు సీమ_రాయుడు గారిలా ఆరోపణను ఆరోపణగానే రాయండి. నిందితుల పేర్లు వద్దు.

14. ఓరుగల్లు_అభ్యర్థి

అయితే పనిని ముక్కలు చేసి నలుగురికి ఇస్తే మేలు కాదా? కానిస్టేబుల్ పరీక్ష లీకయ్యాక ఉత్తర్‌ప్రదేశ్ ప్రభుత్వం పనులను వేర్వేరు ఏజెన్సీలకు పంచుతామని విధానం తెచ్చింది. ఆగస్టులో అయిదు రోజుల పాటు మళ్లీ పరీక్ష పెట్టి ముగించారు కూడా.

15. కోడ్_రాసేవాడు

అక్కడ పనిచేసింది ముక్కలు చేయడం కాదు. మొదటి పరీక్షలో ప్రశ్నపత్రాల పెట్టెలు అహ్మదాబాద్‌లో ఒక రవాణా సంస్థ గోదాములో ఉండగానే తెరిచారని స్పెషల్ టాస్క్ ఫోర్స్ తేల్చింది. రెండోసారి ప్రభుత్వం మొత్తం యంత్రాంగాన్ని దించింది, పోలీసులు, జిల్లా అధికారులు అందరూ దాని మీదే ఉన్నారు. 2025లో ఎస్‌ఎస్‌సీ కూడా ఒకే సంస్థ చేసే పనిని విడగొట్టి వేర్వేరు సంస్థలకు ఇచ్చింది. ఫలితం మొదటి పోస్టులోనే ఉంది. ముక్కలను కలిపి పట్టుకునే చేయి ప్రభుత్వానిది కాకపోతే, తప్పు జరిగిన రోజు ప్రతి సంస్థా పక్కవాడిని చూపిస్తుంది.

సంస్థ దొరకకపోయినా కష్టమే. 2019లో రైల్వేలో ఎన్‌టీపీసీ అనే విభాగం కింద (క్లర్కులు, స్టేషన్ మాస్టర్ల వంటివి) 35 వేలకు పైగా పోస్టులకు కోటి ఇరవై అయిదు లక్షల మంది డబ్బు కట్టి దరఖాస్తు చేశారు. నిర్వహణ సంస్థ ఎంపికే సాగుతూ పోయింది, మీదట కరోనా. మొదటి దశ పరీక్ష 2020 డిసెంబరు 28న గాని మొదలు కాలేదు. అంత పెద్ద రైల్వేకు సొంతంగా పరీక్ష పెట్టుకునే శక్తి లేకుండా పోయింది.

16. న్యాయవాది_సుభద్ర (రాజమహేంద్రవరం)

చట్టం గురించి రెండు మాటలు. 2024 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పబ్లిక్ పరీక్షల అక్రమాల నిరోధక చట్టంలో నిర్వహణ సంస్థలను స్పష్టంగా చేర్చారు. సంస్థకు కోటి రూపాయల వరకు జరిమానా, పరీక్ష ఖర్చులో తగిన వాటా వసూలు, నాలుగేళ్లు పరీక్షలు నిర్వహించకుండా నిషేధం. బాధ్యులైన పెద్దలకు మూడు నుంచి పదేళ్ల జైలు. ఇది కేంద్రం పరీక్షలకే. రాష్ట్ర కమిషన్ల పరీక్షలు దీని కిందికి రావు.

కానీ ఈ చట్టం పట్టుకునేది అక్రమాలను. మౌసు పనిచేయకపోవడం, కేంద్రం 400 కిలోమీటర్ల దూరంలో పడటం, కోఆర్డినేటరు ఫోను ఎత్తకపోవడం అక్రమాలు కావు, అసమర్థత. వాటికి దారి ఒప్పందంలోనే ఉండాలి. ఆ ఒప్పందం అభ్యర్థులకు కనిపించదు.

17. కృష్ణాతీరం

సుభద్ర గారూ, సమాచార హక్కు కింద ఒప్పందం అడగవచ్చా? వాణిజ్య రహస్యం అని తిరస్కరిస్తారని విన్నాను.

18. న్యాయవాది_సుభద్ర

సెక్షన్ 8(1)(డి) చూపిస్తారు, నిజమే. అందుకే మొత్తం ఒప్పందం ఇవ్వమని అడగకండి. సెక్షన్ 10 ప్రకారం ఇవ్వదగిన భాగాన్ని వేరుచేసి ఇవ్వాలి, దాన్ని దరఖాస్తులోనే ప్రస్తావించండి. నేనైతే ఇవి అడుగుతాను: జరిమానాల పట్టిక, ఇప్పటివరకు నిజంగా వసూలు చేసిన జరిమానా, ఉప కాంట్రాక్టుకు అనుమతి ఇచ్చారా, ఇస్తే ఏయే పనులకు, పరీక్ష రోజు ఒక్కో కేంద్రంలో శాఖ తరఫున ఉన్న అధికారి హోదా. ఆఖరి ప్రశ్నకు ఏ రహస్యమూ అడ్డం రాదు. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

19. ల్యాబ్_ఇన్‌ఛార్జి

అధికారి ఎన్ని గంటలకు వచ్చారు, ఎన్ని గంటలకు వెళ్లారు అనేది కూడా చేర్చండి మేడమ్. మా దగ్గర ఒకాయన పదిన్నరకు వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి పదకొండుకు వెళ్లిపోయారు. గేటు మూసింది ఎనిమిదిన్నరకు.

20. కృష్ణాతీరం

చేరుస్తాను. ఎస్‌ఎస్‌సీకి ఒకటి, రెండు రాష్ట్రాల కమిషన్లకు ఒక్కోటి ముసాయిదా రాసి ఆదివారంలోగా ఇక్కడే పెడతాను. ఓరుగల్లు తమ్ముడూ, తెలంగాణ దరఖాస్తు నీ పేరు మీద వేస్తావా?

21. ఓరుగల్లు_అభ్యర్థి

వేస్తాను అన్నా. రెండు ప్రిలిమ్స్ హాల్‌టికెట్లూ నా దగ్గరే ఉన్నాయి, కేంద్రాల కోడ్‌లతో సహా పంపుతాను.